ముగింపు ప్రార్థన

కాలేజీ వాళ్ళు ఉత్తరం రాశారు. డెబ్బై అయిదేళ్ళ ఉత్సవం చేస్తారట, ఒక సంచిక వేస్తారట, అందులో పాత అధ్యాపకులందరి గురించీ తలా అయిదు లైన్లు ఉండాలట. కాలూ చెయ్యీ ఆడుతున్న పాతవాళ్ళలో జ్ఞాపకం సరిగ్గా ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఆ అయిదేసి లైన్లూ నేనే రాయాలట. ఎప్పుడు చేరారు, ఏం చెప్పారు, ఏ పదవులు చేశారు, ఎప్పుడు మానారు, విశేషాలేమైనా ఉంటే అవి. ముప్ఫై ఏళ్ళు సుద్దపొడి మింగిన మనిషికి అయిదు లైన్లు!

ఒళ్ళు మండినా రాయడానికి కూర్చున్నాను. రసాయనశాస్త్రం ఆయనకి నాలుగు లైన్లే తేలాయి. అయిదోది ప్రయోగశాల పైకప్పు ఎగిరిపోయిన సంగతి, అది రాస్తే ఆయన మనవలు నా మీదికి కర్రలు పట్టుకొస్తారు. వృక్షశాస్త్రం మేడమ్ ఇరవై ఆరేళ్ళలో ఒక్కరోజు సెలవు పెట్టలేదు, పెళ్ళి కూడా శనివారం సాయంత్రం చేసుకుని సోమవారం పొద్దున్నే క్లాసుకొచ్చింది. ఆవిడవి అయిదూ నిండాయి. నావీ నేనే రాసుకున్నాను. చరిత్ర, ముప్ఫై మూడేళ్ళు, అందులో ఇరవై ఒక్కేళ్ళు వైస్ ప్రిన్సిపాల్. ఇది రాయడానికి చెయ్యి ఏమీ అడ్డం తిరగలేదు. లెక్కల మాస్టారి దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోయింది.

ఆయన్ని పిల్లలు సగం మాస్టారు అనేవాళ్ళు. పెట్టెలోంచి సుద్దముక్క తీయగానే రెండుగా విరిచేవాడు. ఒక సగం తను వాడుకుని, రెండో సగం తరవాత రాబోయే మాస్టారి కోసం బల్ల మీద పెట్టి వెళ్ళేవాడు. నాకంటే ఆరేళ్ళు పెద్ద. నేను చేరిన మొదటి రోజున ఆయన తరవాతి క్లాసు నాదే. బల్ల మీద ఆ సగం సుద్ద చూసి ఎవరో పారేశారనుకుని కిటికీలోంచి విసిరేశాను. ఆ సాయంత్రం ఆయనే వచ్చి, "ఏరా తమ్ముడూ, మనది పేద కాలేజీ. దేవుడి సొమ్ము కిటికీలోంచి పారబోస్తావా?" అని నవ్వాడు. అప్పట్నుంచీ నాకాయన అన్న, ఆయన భార్య వదిన. సాయంత్రాలు నా మకాం వాళ్ళింట్లోనే. "మరిదీ, నీకో ఇల్లుందని ఎవరైనా చెప్పారా?" అని వదిన ఏడిపిస్తూనే నా కోసం కుర్చీ లాగేది.

మాది చర్చి సంఘం నడిపే చిన్న కాలేజీ. పన్నెండుమంది అధ్యాపకులం, రెండంతస్తుల మేడ, వెనక ఓ రేకుల షెడ్డు. ఎవరు జబ్బుపడితే వాళ్ళ పాఠం పక్కవాడు అందుకోవాలి. నేను డిగ్రీ మీదే ఉద్యోగంలో చేరాను. ఎం.ఏ. చదవడానికి రెండేళ్ళు వేరే ఊరు వెళ్ళాలంటే నా క్లాసులు ఎవరు చెప్పాలి? అన్న చెప్పాడు. లెక్కలు, వాటి మీద నా చరిత్ర. రాజులందరినీ తీసివేత లెక్కలుగా మార్చేశాడని పిల్లలు తరవాత నాకు చెప్పుకుని నవ్వారు. ఏ రాజు ఎందుకు యుద్ధం చేశాడో వాళ్ళకి తెలీదు కానీ, ఎన్నేళ్ళు ఏలాడో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్ళు.

నేను ఎం.ఏ. పట్టా పుచ్చుకుని తిరిగొచ్చాను. అన్నకి మాత్రం ఎం.ఏ. మొదటి భాగమే పూర్తయింది, రెండో భాగం మిగిలిపోయింది. ఆ పరీక్షకి నెల్లాళ్ళు ఊరు వదిలి వెళ్ళాలి. ఒకసారి వెళ్ళబోతే భౌతికశాస్త్రం ఆయన మంచానపడ్డాడు. రెండోసారి వెళ్ళలేకపోయింది నా వల్ల. నా క్లాసులు ఆయన మెడకి చుట్టి నేను చదువుకోవడానికి వెళ్ళిన ఏడాది అది. ఆ మాట ఆయన ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

తరవాత ఆరేళ్ళకి సంఘం బోర్డు నుంచి ఉత్తరం వచ్చింది. వచ్చే ఏడాది నుంచి ఎం.ఏ. లేనివాళ్ళు కాలేజీలో పాఠం చెప్పకూడదు. అలాంటివాడు మాలో ఒక్కడే. పంతొమ్మిదేళ్ళ సర్వీసున్న మనిషిని ప్రహరీ అవతల సంఘం నడిపే ప్రాథమిక పాఠశాలకి పంపుతామన్నారు. అయితే ఉత్తరం చివర ఒక వాక్యం ఉంది. అధ్యాపకుల సమావేశం కోరితే ఒక్క ఏడాది గడువు ఇవ్వవచ్చు. ఆ ఏడాదిలో అన్న రెండో భాగం రాసేసేవాడు. సమావేశంలో ఎవరో ఒకరు లేచి అడిగితే చాలు.

"నేను లేస్తాను," అన్నాను అన్నతో, వాళ్ళింట్లోనే.

"నీకెందుకురా గొడవ? వైస్ ప్రిన్సిపాల్ పదవికి నీ పేరు అనుకుంటున్నారట కదా," అన్నాడు.

"పదవి కోసం నోరు కట్టేసుకుంటానా అన్నా?"

వెళ్ళేటప్పుడు వదిన గుమ్మం దాకా వచ్చి, "నిన్ను నమ్ముకున్నాం మరిదీ," అంది. ఆవిడ ఎగతాళి లేకుండా నాతో మాట్లాడ్డం అదే మొదటిసారి.

ఇక్కడ మా కాలేజీ పద్ధతి ఒకటి చెప్పాలి. సమావేశం ఎప్పుడూ ప్రార్థనతోనే ముగిసేది. ముగింపు ప్రార్థన ఎవరు చెయ్యాలో ప్రిన్సిపాల్ గారు అప్పటికప్పుడు చెప్పేవారు. ఆమెన్ పడిందంటే ఆ రోజు నిర్ణయాలన్నీ ఖాయం. దేవుడి సన్నిధిలో ముగించిన మాటని ఏడాది దాకా ఎవరూ తిరిగి కదపకూడదు. ప్రిన్సిపాల్ గారు ఎవరిచేత ప్రార్థన చేయిస్తే పదవికి ఆయన కన్ను వాళ్ళ మీద పడినట్టే లెక్క. ఆ సంగతి మా అటెండరు దాకా అందరికీ తెలుసు.

ఆ రోజు గ్రంథాలయంలో పొడుగు బల్ల చుట్టూ కూర్చున్నాం. అన్న నాకు ఎదురుగా, బీరువా పక్కన. ప్రిన్సిపాల్ గారు ఉత్తరమంతా చదివారు, చివరి వాక్యం కూడా దాచకుండా. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఎవరికైనా చెప్పేదుందా?" అన్నారు.

నేను కుర్చీ వెనక్కి నెట్టి లేచాను. ఇది నిజం. లేచాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని నన్ను చూశారు. ముసలాయన గడుసువాడు. "ఆ, లేచావు కదా, ఈ రోజు ముగింపు ప్రార్థన నువ్వే చెయ్యి నాయనా," అన్నారు. చుట్టూ పదకొండు తలలు వంగాయి. నా మెడ కూడా అలవాటుకొద్దీ వంగింది. కళ్ళు మూసుకున్నాను. లోపల భయంతోపాటు సంతోషం కూడా వేసింది, అబద్ధం చెప్పను. నా పేరు ఖాయమైందన్న సంతోషం.

"కృపగల తండ్రీ," అని మొదలుపెట్టాను. ఏడాదంతా కాచి కాపాడినందుకు స్తోత్రం అన్నాను. సకాలంలో పడిన వానకి స్తోత్రం, కొత్త బెంచీలకి స్తోత్రం, గ్రంథాలయానికి వచ్చిన రెండు బీరువాలకి స్తోత్రం, ప్రిన్సిపాల్ గారి మోకాలు నయమైనందుకు స్తోత్రం. నా గొంతు నాకే చాలా బాగున్నట్టు అనిపించింది. మూడు నాలుగు నిమిషాలు అనర్గళంగా చేసి ముగించాను. అందరూ ఆమెన్ అన్నారు. అందరికంటే గట్టిగా వినిపించింది బీరువా పక్కనుంచి.

మర్నాడు మొహం చెల్లకపోయినా వాళ్ళింటికి వెళ్ళాను. ఏం చెప్పాలో దారి పొడుగునా కూడబలుక్కున్నాను. ప్రార్థన మొదలయ్యాక ఇంకేం మాట్లాడతాం, దేవుడి మాటకి అడ్డం వెళ్ళగలమా అని. వదిన తలుపు తీసింది.

"రండి సార్. కూర్చోండి. ఆయన లేరు," అంది.

పదకొండేళ్ళు నన్ను ఏరా, మరిదీ అన్న మనిషి. నేను కూర్చోలేదు. తరవాత ఆ ఇంటికి వెళ్ళలేదు కూడా. చర్చిలో, వీధిలో ఎదురుపడితే అన్న ఎప్పటిలాగే "ఏరా తమ్ముడూ" అనేవాడు, నేను తొందర పనున్నవాడిలా నడిచేవాణ్ణి. వైస్ ప్రిన్సిపాల్ గది కిటికీ ప్రాథమిక పాఠశాల వైపుకే ఉండేది. అన్న అక్కడ చిన్నపిల్లలచేత ఎక్కాలు వల్లె వేయించేవాడు. రెండో ఎక్కం, మూడో ఎక్కం, మళ్ళీ రెండో ఎక్కం. పదహారేళ్ళు. కిటికీ మూసుకుని ఉక్కపోతలో కూర్చునేవాణ్ణి.

ఈ అయిదు లైన్ల పుణ్యమా అని మొన్న పాత సమావేశాల మినిట్స్ పుస్తకం తెప్పించి అన్న సంగతి చూశాను. "స్వచ్ఛందంగా ప్రాథమిక పాఠశాలకు మారారు" అని ఉంది. కింద సాక్షి సంతకం నాదే. ఇది మాత్రం నా చేత్తో ఇంకోసారి రాయలేననిపించి, నలభై ఏళ్ళ తరవాత వాళ్ళ తలుపు తట్టాను.

"రండి సార్," అంది వదిన. జుట్టంతా నెరిసిపోయింది, పిలుపు మాత్రం మారలేదు.

అన్నకి ఎనభై నాలుగు. పడక కుర్చీలో చిక్కిపోయి ఉన్నాడు, చెవులు మందగించాయి. డాక్టర్లు ఇంక ఏమీ చెప్పడం లేదని వదిన నెమ్మదిగా చెప్పింది. నన్ను చూసి అన్న మొహం విచ్చుకుంది. కాగితాలు పక్కన పెట్టి, కుర్చీ ఆయన చెవి దగ్గరికి జరుపుకున్నాను.

"అన్నా, ఆ రోజు నేను మాట్లాడాల్సింది. లేచాను కూడా. ఇంతలో ప్రార్థన చెయ్యమన్నారు. ప్రార్థన మొదలయ్యాక ఇంకేం అడుగుతాం..." నలభై ఏళ్ళుగా అరగదీసిన మాటే ఆయన చెవిలో పోశాను.

ఆయన నన్ను వింతగా చూశాడు.

"అదేంట్రా, ప్రార్థనలో ఏదైనా అడగొచ్చు కదా. నువ్వు ప్రార్థనలోనే అడుగుతావనుకున్నాను. 'ప్రభువా, మా అన్నకి ఒక్క ఏడాది ఇప్పించు' అంటే ముసలాయన దాన్ని దాటగలడా? బెంచీలయ్యాయి, బీరువాలయ్యాయి, మోకాలు కూడా అయింది. ఇంక నా వంతే అనుకున్నాను," అని నవ్వాడు. "చివరిదాకా ఎదురుచూశానురా. నువ్వు ఆమెన్ అన్నావు. నేనూ అన్నాను, అలవాటు కదా."

నలభై ఏళ్ళు నన్ను నేను ఏ సాకుతో వెనకేసుకొచ్చానో అది ఆయన నవ్వులో కొట్టుకుపోయింది. నాలుగు నిమిషాలు నా చేతిలోనే ఉన్నాయి. మోకాలికి స్తోత్రం చెప్పడానికి తీరిక దొరికింది, ఆయన పేరెత్తడానికి దొరకలేదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

కాగితాలు తీసుకుని లేచాను. వదిన గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"ప్రార్థన చేసి వెళ్ళండి సార్. మా ఇంటికి ఎవరొచ్చినా చేసే వెళతారు," అంది.

కళ్ళు మూసుకున్నాను. కృపగల తండ్రీ అన్నాను. స్తోత్రాలు ఒక్కటీ గుర్తురాలేదు.

"మా అన్నకి ఒక్క ఏడాది ఇవ్వు ప్రభువా," అన్నాను.

"ఏమన్నాడు?" అని అన్న అడిగాడు.

వదిన ఆయన చెవి దగ్గరికి వంగింది. "సార్ మీకు ఒక్క ఏడాది ఇమ్మని అడుగుతున్నారండీ," అంది.

"ఆమెన్," అన్నాడు అన్న, ఆ రోజులాగే గట్టిగా. వదిన అనలేదు.