చిత్తడి వీధి ఊరిపెద్ద

ఆంగెలీనా ఫ్యోదొరోవ్నా దాదాపు ఇరవై ఏళ్ళు రగోజినో గ్రామ సంఘానికి అధ్యక్షురాలిగా చేసింది. రగోజినోతో పాటు నది వెంబడి విసిరేసినట్టున్న అరడజను పల్లెలు ఆ సంఘం కిందే ఉండేవి. ఎవరి ఆవు ఎవరి క్యాబేజీ మేసినా, ముసలమ్మకు పింఛను ఆలస్యమైనా, బావి గిలక విరిగినా జనం వచ్చి ఆవిడ తలుపు తట్టేవారు. ఆవిడ విసుక్కునేది, కసురుకునేది, పని మాత్రం చేసిపెట్టేది.

పోయిన జనవరిలో పైవాళ్ళకు ఓ ఆలోచన వచ్చింది. జిల్లాలోని గ్రామ సంఘాలన్నిటినీ రద్దు చేసి, పల్లెలన్నిటినీ నేరుగా జిల్లా కేంద్రం కిందికి తెచ్చేశారు. సంఘం ముద్ర, జెండా, ఇనుప బీరువా లారీ ఎక్కి వెళ్ళిపోయాయి. ఆంగెలీనాకు ఓ పూలగుత్తి, ఓ గోడ గడియారం ఇచ్చి ఇంటికి పంపారు. మొదటి నెల ప్రాణానికి హాయిగా ఉందనుకుంది. రెండో నెలలో గాలికి తలుపు కదిలినా లేచి వెళ్ళి తీసేది. ఎవరూ ఉండేవారు కాదు.

ఏప్రిల్‌లో నది మీద మంచు పగిలి, ఎప్పటిలాగే నడకవంతెనను ఊడ్చుకుపోయింది. రొట్టెల బండి ఆగేది అవతలి ఒడ్డున, బస్సు ఆగేదీ అక్కడే. వెనకటి రోజుల్లో అయితే ఆంగెలీనా ఫోను పట్టుకుని, బెదిరించో బతిమాలో వారం తిరక్కుండా పలకలు తెప్పించేది. ఈసారీ ఫోను చేసింది. జిల్లా ఆఫీసులో ఓ పిల్ల, పాపం మర్యాదగానే, ఏ హోదాలో మాట్లాడుతున్నారని అడిగింది. ఆంగెలీనా తన పేరే మళ్ళీ చెప్పింది. ఊరికి ఓ స్తారోస్తాను, అంటే ఊరిపెద్దను ఎన్నుకుని ఆ మనిషి చేత అర్జీ పెట్టించండి, అప్పుడు చూస్తామని ఆ పిల్ల ఫోను పెట్టేసింది. వంతెన జులై దాకా లేవలేదు. అందాకా ట్రాక్టరు నడిపి రిటైరైన వెనియమీన్ పడవే ఊరికి గతి. ఆ పడవకున్న చిల్లు వల్ల రొట్టెలు పొడిగా వస్తే జనం తడిసేవారు, జనం పొడిగా వస్తే రొట్టెలు తడిసేవి.

ఊరిపెద్దకు జీతం లేదు, ఆఫీసు లేదు. జేబులో ఓ గుర్తింపు కార్డు, ఊరి చేత తిట్లు తినే హక్కు, అంతే. రగోజినోలో ఇంకెవరికీ ఆ పదవి మీద మోజు లేదు. ఆంగెలీనాకు మాత్రం అది కావాలి. ఎవరైనా అడిగితే, ఈ వయసులో నాకెందుకమ్మా ఆ బాదరబందీ అనేది. కాని చంటిపిల్ల పాలకు ఏడ్చినట్టు ఆవిడ మనసు దానికోసం ఏడుస్తోంది. వచ్చే వసంతానికి వంతెన కావాలి, నిజమే. అంతకంటే ముందు తను ఎవరికైనా కావాలి.

అడ్డంకి ఒక్కటే. ఊరిపెద్దను ఊరిసభ ఎన్నుకోవాలి. ఊళ్ళో పేరు నమోదైన పెద్దవాళ్ళలో సగానికి పైగా వస్తేనే అది సభ, లేకపోతే ఉత్త కబుర్లు. నమోదైనవాళ్ళలో చాలామంది పేరుకే రగోజినో, కాపురాలన్నీ పట్నంలోనే. అందుకని ఊళ్ళో మిగిలినవాళ్ళు ఒక్కరు కూడా తప్పిపోకుండా అందరూ రావాలి. ఊరి క్లబ్బులో మొదటిసారి సభ పెడితే ఇద్దరు తగ్గారు. రెండోసారి నడవలేని నికాంద్ర్ తాతను కుర్చీతో సహా ఎత్తుకొచ్చారు. అయినా ఒక్క మనిషి తగ్గింది. రెండుసార్లూ రానిది కపితోలినా సవ్వాత్యెవ్నాయే. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

ఆ మాట పూర్తిగా న్యాయం కాదు. కపితోలినా కోపానికి కారణం ఉంది. ఎనిమిదేళ్ళ కిందట ప్రతి ఇంటికీ వీధి పేరు, నంబరు ఉండి తీరాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. అప్పటిదాకా రగోజినోకు వీధులే లేవు. బావి దగ్గరి ఇల్లు, వెనియమీన్ అవతలి ఇల్లు అంటే సరిపోయేది. ఆంగెలీనా సభ పెట్టి పేర్లు చదివింది. క్లబ్బులో పొయ్యి రాజేయలేదు, చలికి దవడలు కొట్టుకుంటున్నాయి, ఇంటికి పోతే చాలని జనం దేనికైనా చెయ్యెత్తేస్తున్నారు. ఆంగెలీనా తన ఇల్లున్న వరుసకు ఎండ వీధి అని పెట్టుకుంది. రెండు పక్కలా ఫర్ చెట్లు కమ్ముకున్న ఆ వీధికి ఎండ చుట్టంచూపుగా వస్తుంది. కపితోలినా ఇల్లున్న వరుస చివర చిత్తడి నేల ఉందని దానికి చిత్తడి వీధి అని పెట్టింది. మా వాకిట్లో చిత్తడెక్కడుంది, చెప్పులు తడవకుండా తిరుగుతున్నాం కదా అని కపితోలినా లేచి అడిగింది. కాగితాలు ఇవాళే పంపాలి, చేతులెత్తండర్రా అంది ఆంగెలీనా. ఎత్తారు. ఇక ఈ జన్మలో ఊరిసభకు రానని చెప్పి కపితోలినా లేచి వెళ్ళిపోయింది.

పుండు మీద కారం చల్లినట్టు, ఆ ఏడాదే ఆవిడకు డెబ్బై నిండిన రోజున జిల్లా పత్రిక, చిత్తడి వీధి నివాసి కపితోలినా సవ్వాత్యెవ్నాకు శుభాకాంక్షలు అని అచ్చేసింది. పట్నం నుంచి వియ్యపురాలు ఫోను చేసి, విందుకు కప్పలు కూడా వచ్చాయా వదినా అని పరామర్శించింది. అది మొదలు కపితోలినా, అంతకుముందు గేల్యా గేల్యా అని పిలిచే ఆంగెలీనాను ఆ ముద్దుపేరుతో పిలవడం మానేసింది.

రెండో సభ కూడా చెడిపోయాక ఆంగెలీనా ఓ సీసాడు లింగన్‌బెర్రీ జామ్ పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళింది. కపితోలినా గేటు తియ్యలేదు. ఎండ వీధి వాళ్ళకు ఇక్కడ కాళ్ళు దిగబడతాయి, జాగ్రత్తగా వెళ్ళిరండి అని కంచె మీద నుంచే సాగనంపింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనుకుంటూ ఆంగెలీనా జామ్ సీసాతో వెనక్కి వచ్చింది.

సెప్టెంబరులో కపితోలినా ఎండుగడ్డి అటక నిచ్చెన మీద నుంచి జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. బంగాళాదుంపలు ఇంకా నేలలోనే ఉన్నాయి. వచ్చే వారమంతా వానలని రేడియో చెబుతోంది. కపితోలినా పక్కింటి వెనియమీన్ ఈ సంగతి ఆంగెలీనా చెవిన వేశాడు. జాలి పడాల్సిన చోట ఆవిడ మొహం వెలిగిపోయింది.

రగోజినోలో పొమోచి అనే పద్ధతి ఉంది. ఒకరికి కష్టమొస్తే ఊరంతా వెళ్ళి పని చేసిపెడుతుంది. ఎవరూ డబ్బు ముట్టరు, ఇంటావిడ భోజనం పెడుతుంది. పొమోచిని కాదంటే ఊరిని కాదన్నట్టే. తినకుండా లేచిపోతే ఇంటికి అవమానం, వచ్చినవాళ్ళు లేవకముందే ఇంటావిడ బల్ల వదిలిపోతే ఊరికి అవమానం. కపితోలినా సభకు రాకపోతే సభే కపితోలినా దగ్గరికి వెళ్తుందని ఆంగెలీనా తీర్మానించుకుంది. చట్టం ప్రకారం సభ జరిగే చోటు ముందుగా చాటాలి కాబట్టి క్లబ్బు తలుపు మీద పెద్దక్షరాలతో ప్రకటన అంటించింది. కపితోలినా క్లబ్బు ఛాయలకు రాదు కదా. ఊరంతటికీ తెలుసు, ఒక్క ఆవిడకు తప్ప.

శనివారం పొద్దున్నే ఊరంతా పారలతో, బకెట్లతో దిగింది. నికాంద్ర్ తాతను తోపుడు బండిలో కూర్చోబెట్టి తెచ్చారు. తాత దుంపలు ఏరలేడు కాని, ఎవరు బద్ధకిస్తున్నారో చూసి పేరు పెట్టి పిలవగలడు. ఆ పని సాయంత్రం దాకా శ్రద్ధగా చేశాడు. కపితోలినా కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడేసుకుని మెట్ల మీద నిలబడి, ఆ మూల వదిలేశారు, ఈ మూల వదిలేశారని పురమాయిస్తూనే ఉంది. ఆంగెలీనా నడుం వంచి అందరికంటే ఎక్కువ తవ్వింది. ఆవిడ కోటు జేబులో సభ కాగితాలు మడతపెట్టి ఉన్నాయి.

పొద్దు వాలేసరికి దుంపలన్నీ నేలమాళిగలోకి చేరాయి. పెరట్లో పలకలు పరిచి బల్ల వేశారు. క్యాబేజీ సూపు, మీగడ కలిపిన ఉప్పు పుట్టగొడుగులు, తాగడానికి రొట్టె పులియబెట్టి చేసిన క్వాస్, బల్ల నడిమధ్య ఈ చివర నుంచి ఆ చివర దాకా పిండిలో చేపలు కూరి కాల్చిన పిరోగ్. ఒంటిచేత్తో ఇంత పిండి ఎలా కలిపిందా అని ఆడవాళ్ళు మొహాలు చూసుకున్నారు. ఆంగెలీనాకు ముద్ద దిగడం లేదు. సూపు గిన్నెలు ఖాళీ కాగానే లేచి నిలబడింది, గొంతు సవరించుకుంది, అందరం ఎలాగూ ఇక్కడే ఉన్నాం కాబట్టి అంటూ మొదలుపెట్టింది.

"కూర్చో ఫ్యోదొరోవ్నా, పిరోగ్ చల్లారిపోతుంది," అంది కపితోలినా. "క్లబ్బు తలుపు మీద అంతేసి అక్షరాలు రాసి పెట్టావు. నాకు విరిగింది చెయ్యి, కళ్ళు కాదు."

ఆంగెలీనాకు మెడ దాకా ఎరుపెక్కింది. కపితోలినా మాత్రం నింపాదిగా పిరోగ్ కోయిస్తోంది. తను సభకు వెళ్ళలేదని, సభే తన గడప తొక్కిందని, కాబట్టి తన మాట తప్పినట్టు కాదని చెప్పింది. సభ కానివ్వండి, కాని ముందు నా వీధి సంగతి తేలాలి అంది.

ఆంగెలీనా ఇందుకు సిద్ధపడే వచ్చింది. వీధికి పేరు మారుద్దామని, బిర్చి వీధి, తోట వీధి, నదీ వీధి, ఏది కావాలంటే అది పెడదామని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. తీర్మానం ఇక్కడ చేస్తే జిల్లావాళ్ళు ముద్ర వేయడమే మిగులుతుంది అంది.

"పేరెవరు మార్చమన్నారు?" అంది కపితోలినా. "మారిస్తే నా పింఛను కాగితం మార్చాలి, ఇంటి కాగితం మార్చాలి, గ్యాసు కాగితం మార్చాలి. ఈ చేత్తో జిల్లాకి ఎన్నిసార్లు తిరగమంటావు? చిత్తడి వీధి నాకు అలవాటైపోయింది. నాకు కావాల్సింది పేరు కాదు, తోడు. ఈ వీధి బావి దగ్గర ఆగిపోయింది, అక్కణ్ణించి నీ ఎండ వీధి. బావి దాటించు. నీ గుమ్మం దాకా తీసుకుపో."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత నవ్వుకు వెనియమీన్ భుజాలు కదలడం మొదలైంది. ఎండ వీధిలో మనుషులున్న ఇళ్ళు రెండే, ఆంగెలీనాది, నికాంద్ర్ తాతది. తాతను అడిగారు. తను ఎలాగూ త్వరలో మట్టిలోకి పోయేవాడినేనని, ఈలోగా కొంచెం చిత్తడి అలవాటైతే మంచిదేనని తాత తన సమ్మతి తెలియజేశాడు. ఇక బల్ల చుట్టూ నవ్వు ఆగలేదు.

నవ్వనిది ఆంగెలీనా ఒక్కతే. అప్పట్లో ఎండ వీధి, ఒకటో నంబరు అని నీలం రేకు మీద రాయించి గుమ్మానికి కొట్టించుకుంది. పింఛను కాగితం, ఇంటి కాగితం, గ్యాసు కాగితం, ఇప్పుడు అవన్నీ పట్టుకుని జిల్లా మెట్లెక్కాల్సింది తనే. వియ్యపురాళ్ళు తనకూ ఉన్నారు. రోషం వచ్చింది, కాగితాలు జేబులో పెట్టుకుని పోదామనిపించింది. పోతే ఎవరు ఆపుతారు? పోయి ఏం చేస్తుంది? గాలికి కదిలే తలుపు తీస్తూ కూర్చుంటుంది. ఆ ఆలోచన రాగానే రోషం కాస్తా ఏడుపుగా మారబోయింది. ఇంతమందిలో ఏడవడం కంటే చిత్తడిలో కాపురం చేయడం నయమనుకుంది.

ఆవిడే సభాధ్యక్షురాలు, కాబట్టి ఆవిడే అడగాలి. చిత్తడి వీధిని ఎండ వీధి చివరి ఇంటి దాకా పొడిగించడానికి ఇష్టమైనవాళ్ళు చేతులెత్తండి అని గట్టిగా, ఇరవై ఏళ్ళ అలవాటున్న గొంతుతోనే అడిగింది. ఒక్కరూ ఎత్తలేదు. అందరూ ఆవిడనే చూస్తున్నారు. ఈ సభలో మొదటి చెయ్యి ఎవరిది కావాలో ఊరికి తెలుసు. ఆంగెలీనా మట్టి వదలని తన చెయ్యి చూసుకుంది, పైకెత్తింది. అప్పుడు లేచాయి మిగతా చేతులు. తోపుడు బండిలోంచి తాత రెండు చేతులూ ఎత్తితే ఒకటి దింపించారు.

తర్వాత ఊరిపెద్ద ఎన్నిక. పేరు చెప్పాల్సింది వెనియమీన్, నెల్లాళ్ళుగా వల్లె వేస్తున్నాడు కూడా. ఆయన నోరు తెరిచేలోగా కపితోలినా మెడపట్టీలోంచి కట్టు చెయ్యి బయటికి తీసి, నొప్పికి మొహం చిట్లించుకుంటూ అందరికంటే ముందు పైకెత్తింది.

"గేల్యా," అంది. "ఇంకెవరున్నారు? గేల్యానే."

ఎనిమిదేళ్ళ తర్వాత వినిపించిన పేరు అది. మిగతావాళ్ళు చేతులెత్తారో లేదో ఆంగెలీనాకు కనిపించలేదు, కళ్ళు నిండిపోయాయి. లెక్క వెనియమీనే రాయాల్సి వచ్చింది. అందరూ ఎత్తారని ఆయన రాశాడు.

కపితోలినా పిరోగ్‌లో మంచి ముక్క తీసి ఆవిడ పళ్ళెంలో పడేసింది. తిను, తిని చెప్పు అంది. "మన వీధి చివర కాలువ పూడిపోయింది. వాన పడితే నీళ్ళు ఇంట్లోకొస్తాయి. ఎప్పుడు బాగుచేయిస్తావు?"

మనిషిని తిననివ్వరా, సోమవారం దాకా ఆగలేరా అని ఆంగెలీనా కసురుకుంది. అంతలోనే మన వీధి అన్న మాట మనసులో పడి, కోపంలో సగం నోట్లోనే ఆగిపోయింది. ఏ కాలువ, ఎంత దూరం పూడింది అని అడుగుతూ కూర్చుని, పొద్దుటి నుంచి ఆకలిగా ఉన్న మనిషిలా పిరోగ్ తినడం మొదలుపెట్టింది.