తలగడ దిక్కు

నేను ఒక గాజు పోగును. నా పక్కన పెడితే మీ వెంట్రుక మోకులా కనిపిస్తుంది. మా వంశం సంగతి చెబితే కోతలనుకుంటారు గానీ, మా అన్నలు సముద్రాల అడుగున పడుకుని, ఈ ఒడ్డు గుసగుసను రెప్పపాటులో ఆ ఒడ్డుకు చేరవేస్తారు. నాకు మాత్రం మనిషి తల రాసిపెట్టి ఉంది. నా ఒక కొసను పుర్రెలోకి దించి, రెండో కొసను తెర ఉన్న పెట్టెకు తగిలిస్తారు. పెట్టె నాలోకి వెలుగు పంపుతుంది. పుర్రె లోపలి ఒత్తిడి ఎంతో చూసుకుని ఆ వెలుగు తిరిగొస్తే తెరమీద అంకె పడుతుంది. ఇరవై దాటితే ముప్పు. నాకున్నది ఒకటే జబ్బు. ఎక్కడన్నా నొక్కుకుపోయానా, వెలుగు కారిపోయి అంకె అబద్ధమాడుతుంది. అదీ ఎంత ధీమాగానో!

నన్ను దించింది బాలనర్సయ్య తలలో. తాటిచెట్టు మీది నుంచి పడ్డ గీత కార్మికుడు. అంకె ఇరవై ఆరు దగ్గర ఊగుతోంది. దిగకపోతే మధ్యాహ్నం పుర్రె తెరవాల్సిందేనని డాక్టరు చెప్పి వెళ్లాడు.

పొద్దున్నే అతని భార్య భూలచ్చమ్మను లోపలికి వదిలారు. గొట్టాలను, వైర్లను చూసి ఆమె బెదరలేదు. కిటికీలోంచి ఎండ ఎటు పడుతోందో చూసి ఉలిక్కిపడింది.

"ఉత్తరం దిక్కు తల వెట్టి పండవెట్టిన్రు. గిట్లయితె మనిషి బతుకుతడా బిడ్డా?"

నర్సు మెర్సీకి అలాంటి పట్టింపులు లేవు. కానీ భూలచ్చమ్మ తన కాళ్లమీద పడబోయేసరికి మనసు కరిగింది. చక్రాల మంచమే కదా, ఇద్దరూ కలిసి తిప్పేశారు. నేను మంచం కమ్మీకీ గోడకూ మధ్య నలిగిపోయాను.

అంకె పదకొండుకు దిగింది.

దిక్కు మారినందుకేనని భూలచ్చమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. తన ప్రార్థన ఫలించిందని మెర్సీ మెడలోని సిలువ తడుముకుంది. డాక్టరు వచ్చి, కనుపాపల్లో లైటు వేసి చూసి, తానిచ్చిన మందు పనిచేసిందన్నాడు. ఆపరేషన్ వాయిదా వేశాడు. ముగ్గురికీ మూడు కారణాలు దొరికాయి. నా వంక ఎవరూ చూడలేదు. లోపల ముప్పై దాటింది, నలభై దాటింది. నేను పదకొండే చెబుతున్నాను.

సాయంత్రానికి కనుపాపలు విచ్చుకుపోయాయి. పరుగులు పెట్టారు గానీ, ఆపరేషన్ థియేటర్ తలుపు చేరకముందే బాలనర్సయ్య పోయాడు.

నన్ను బయటికి లాగాక డాక్టరు పొడవునా తడిమాడు. నొక్కు దగ్గర వేలు ఆగింది. మంచం కమ్మీని చూశాడు, గోడను చూశాడు. మెర్సీ తల వంచుకుంది.

అప్పుడే భూలచ్చమ్మ వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

"సారూ, మంచం తిప్పినంక అంకె మంచిగనే వడ్డది గద. నేను జేసింది మంచిదే గద?"

డాక్టరు నన్ను గుప్పిట్లో మూశాడు.

"మంచిదేనమ్మా" అన్నాడు.

ఆమె ఆ చేతికే దండం పెట్టి వెళ్లింది. ఆసుపత్రి చెత్త వేసే పసుపు సంచి దగ్గరికి వచ్చేదాకా ఆ గుప్పిట విప్పుకోలేదు.