మూట కట్టేదాకా

నేను స్టీలు గిన్నెల మీద పేర్లు కొడతాను. బేగంబజార్‌లో ప్రేమ్‌రాజ్ సేఠ్ సామాన్ల దుకాణం మెట్ల పక్కన ఒక టేబులు, చేతిలో గుర్రుమనే మిషను. పద్దెనిమిదేళ్లుగా అదే చోటు. గృహప్రవేశమైనా, సంవత్సరీకమైనా పంచే గిన్నె మీద పేరు లేకపోతే మనవాళ్లకు ఇచ్చినట్టే ఉండదు. ఆ పేర్లు కొట్టేది నేనే, నా పేరు వీణ.

పోయిన నెల ఒక హాఫ్‌సారీ ఫంక్షన్‌లో నూరు గిన్నెలు పంచారు. లడ్డూలు తినేశాక అడుగున ఉన్నది చదివారు: ‘కీర్తిశేషులు శివయ్య జ్ఞాపకార్థం.’ పేర్లు రాసిచ్చిన చీటీలు నేనే తారుమారు చేశాను. ఆ పిల్ల తల్లి వచ్చి గిన్నెను నా టేబులు మీద పెట్టి వెళ్లిపోయింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆ లోటు సేఠ్ తీర్చాడు.

“ఇంకొక్కసారి గిట్లయిందనుకో, నీ టేబుల్ నువ్వు తీస్కపో. నా దుకాణం పేరు ఖరాబ్ అయితున్నది.”

నాకు నిజంగా భయమేసింది. మా ఆయన పోయాక నన్నూ నా కూతురు ప్రీతినీ నిలబెట్టింది ఆ మెట్ల పక్క చోటే.

ప్రీతి ఇప్పుడు ఆఫీసులో పనిచేస్తోంది. నా ఫోన్లో మూడు గడులు పెట్టింది: చేయాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి.

“పని అయినప్పుడల్లా వేలితోని ఇట్ల జరుపు అమ్మా. మస్తు సింపుల్.”

చేతులు ఖాళీగా ఉన్నవాళ్లకు సింపులే. నా వేళ్లకు ఎప్పుడూ స్టీలు పొడే, ఫోను నన్ను గుర్తుపడితే కదా! అలారం పెడితే ఉలిక్కిపడి గీత పక్కకు పోయింది. తర్వాత నోటుబుక్కు పెట్టాను. రాయడం రాసేదాన్ని, చూడటమే మరిచేదాన్ని. చివరికి సాయంత్రం కార్వాన్‌లో మా ఇంటికి వెళ్లే బస్సులో ఆ రోజు కొట్టిన పేర్లన్నీ గొణుక్కోవడం మొదలుపెట్టాను. పక్క సీటామె భయపడి వేరే సీటుకు మారింది.

ఒక ఆదివారం మా గల్లీ చివర బాలకిషన్ ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్లాను. బండి కింద ముప్పై మూటలున్నాయి. బాలకిషన్ మాత్రం పాటలు వింటూ తాపీగా ఇస్త్రీ చేస్తున్నాడు. నాకు కడుపు మండింది.

“ఇన్ని ఇండ్ల బట్టలు నీకు ఎట్ల కలుస్తలేవన్నా?”

“ఎవరి బట్టలు వాళ్ల దుప్పట్లనే ఉంటయి. ఒక మూట ఇప్పితే, మళ్ల అది కట్టేదాంక ఇంకోటి ముట్ట. గంతే. ఫికరేముంది?”

ఇంటికొచ్చి పాత చీరలు చింపాను. శుభకార్యాలకు రంగుగుడ్డ, సంవత్సరీకానికి తెల్లగుడ్డ. చీటీ అన్నదే లేదు. పై గిన్నె మీద మార్కరుతో ఏం కొట్టాలో ఇచ్చినవాళ్లే రాయాలి. ఆ తర్వాత మూట ముడి. సేఠ్ చూసి, “ఇది సామాన్ల దుకాణమా, ధోబీఘాటా?” అన్నాడు. అననీ.

గురువారం నాగమణిగారు అరవై గిన్నెలు ఇచ్చారు. భర్త సంవత్సరీకమట. ‘పరబ్రహ్మంగారి జ్ఞాపకార్థం’ అని పై గిన్నె మీద రాశారు. తెల్లమూట విప్పి సగం కొట్టేసరికి సేఠ్ ఎనభై గిన్నెల రంగుమూట తెచ్చి ముందర పెట్టాడు.

“అవి పక్కన పెట్టి ముందుగాల ఇవి కొట్టు. గృహప్రవేశం పార్టీ వచ్చి బయట నిలబడ్డది.”

పోయిన నెల సరిగ్గా ఇలాగే పక్కన పెట్టాను.

“మూట ఇప్పి ఉన్నది సేఠ్. ఇది కట్టినంకనే అది.”

“నా దుకాణంల నాకే చెప్తవా?”

“నీ దుకాణం పేరు ఖరాబ్ చెయ్యొద్దనే చెప్తున్న.”

అన్నానే గానీ, టేబులు పోయిందనే అనుకున్నాను. ఆయన నన్నూ టేబులునూ ఒకసారి చూసి, ఆ పార్టీకి చాయ్ చెప్పడానికి వెళ్లాడు. నేను తెల్లమూట కట్టాకే రంగుమూట విప్పాను.

సాయంత్రం నాగమణిగారు వచ్చి అక్కడే ముడి విప్పారు. ఒక్కో గిన్నె తిప్పి చదవసాగారు. అరవయ్యీ చదివారు. సేఠ్ నా వెనకే నిలబడ్డాడు.

“అన్నీ ఆయనవేనమ్మా,” అన్నారు చివరికి, కళ్లు తుడుచుకుంటూ. “ఆయన పోయాక ఆయన పేరు ఇన్నిసార్లు చదవడం ఇదే మొదలు.”

నేనూ ఏడ్చేశాను. ఆమె కోసం కొంత, నా కోసం కొంత.

టేబులు సర్దుతుంటే సేఠ్ లోపలి నుంచి ఒక పాత పరదా తెచ్చి నా ముందు పడేశాడు.

“చింపుకో. రేపు మూడు పార్టీలు ఉన్నయి.”

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. అలవాటుగా పేర్లు గొణుక్కోబోయాను. కానీ దేనికి? ఏ మూటలోది ఆ మూటలోనే ఉంది. తల కిటికీకి ఆనించాను.

కండక్టర్ లేపేసరికి కార్వాన్ దాటి లంగర్‌హౌజ్ వచ్చేసింది. నవ్వుకుంటూ దిగి, వెనక్కి నడిచాను.