ఎడమచేతి కుట్టు

చెయ్యి కాలలేదు. కట్టు మాత్రం మోచేతి దాకా ఉంది.

ప్రొద్దుటూరులో టైలరింగ్ షాపు నడిపే భారతి ఆ ఆదివారం పొద్దున వంటింట్లో పీట మీద కూర్చుని, చక్కగా ఉన్న కుడిచేతికి దూది పెట్టించుకుని కట్టు కట్టించుకుంటోంది. కడుతున్నది మొగుడు మహేంద్ర.

"ఇంగొంచెం పసుపు పుయ్యి. నిజంగా కాలినట్టు కనపడాల."

"నూనె పడిందని నువ్వు చెప్తావు. చూసినోళ్లు నేను వాత పెట్టినాననుకుంటారు," అన్నాడు మహేంద్ర, ముడి వేస్తూ. "పోకుంటే ఏంపాయెనే? జొరమని చెప్పు."

"రెండుసార్లు జొరమయిపాయె. ఒకసారి మా అవ్వ సచ్చిపాయె. ఇంగ ఎవుర్ని సంపాల?"

మహేంద్ర నవ్వాడు. భారతికి నవ్వు రాలేదు.

పులివెందులలో అనసూయ అని రిటైరయిన టీచరమ్మ ఉంది. పాతకాలం బొమ్మలంటే ఆమెకు ప్రాణం. పింగాణీ మొహాల విలాయతీ బొమ్మలు, పడుకోబెడితే కళ్లు మూసుకునే బొమ్మలు, ఎప్పుడో ఎవరి అటక మీదనో ఎలుకల పాలు కాబోయిన బొమ్మలు, అన్నిటినీ తెచ్చి అద్దాల బీరువాల్లో పెట్టుకుంది. ఒక్కో బొమ్మకు ఒక్కో చిన్న రేకు పెట్టె. పెట్టె నిండా బట్టలు. కుచ్చుల గౌన్లు, బుట్టచేతుల రవికలు, పరికిణీలు, వేలెడు మేజోళ్లు. ఆ బట్టల ఫొటోలు చూసి బెంగళూరు నుంచి సాటి బొమ్మల పిచ్చివాళ్లు ఈరోజు వస్తున్నారు. "ఒక గౌనుకు అంచు కుట్టకుండా మిగిలిచ్చుకోని రామ్మా. వాళ్ల ముందర కూర్చోని కుట్టు. నీ పనితనం కళ్లారా చూడనీ" అని అనసూయ ఫోన్లో ఒకటే పట్టు పట్టింది.

చిక్కేమిటంటే, ఆ బొమ్మల బట్టల్లో భారతి వేసిన కుట్టు ఒక్కటంటే ఒక్కటి లేదు.

అన్నీ అఫ్సానా కుట్టినవే. అఫ్సానాది జమ్మలమడుగు. ఒకప్పుడు రోజూ బస్సెక్కి వచ్చి భారతి షాపులోనే పని చేసేది. ఆమెకు ఎడమచేతి వాటం. ఒకరోజు పెండ్లికూతురి తల్లి ఒకామె షాపులోకి వచ్చి, కూతురి ముహూర్తం రవిక అఫ్సానా ఎడమచేతిలో ఉండటం చూసింది. "ఏందమ్మా ఇది? పెండ్లి గుడ్డ ఎడమచేత్తో కుట్టిస్తాండావా? మా పిల్ల సల్లగుండొద్దా?" అని సగం కుట్టిన రవిక లాక్కుపోయింది. పోయినామె ఊరుకుందా, వీధంతా చాటింది. వారం తిరక్కుండా పెండ్లి పనులు తగ్గాయి. భారతి అఫ్సానాను ఇంటి దగ్గరే ఉండమంది. గుడ్డలు తనే జమ్మలమడుగు తీసుకెళ్లి ఇచ్చి, కుట్టినవి తెచ్చుకునేది.

ఆ తర్వాత అనసూయ వచ్చింది, చంటిబిడ్డను తెచ్చినట్టు తువ్వాల్లో చుట్టి ఒక పింగాణీ బొమ్మను తీసుకుని. దాని చెయ్యి కుట్టుమిషను పాదం కంటే సన్నం. మిషన్లో పెడితే గుడ్డ లోపలికి పోయి నలిగిపోతుంది. చేత్తోనే కుట్టాలి. కొత్త గుడ్డ అంత చిన్న ఒంటి మీద బిర్రుగా నిలబడుతుంది కాబట్టి ఉతికి ఉతికి మెత్తబడిన పాత చీరలే కావాలి. భారతి ఆ బొమ్మను జమ్మలమడుగు తీసుకెళ్లి ఇచ్చింది. అఫ్సానా గౌను కుట్టింది. దారాన్నే ముడులు వేసి ఆవగింజంత గుండీలు చేసింది. అనసూయ కళ్లద్దాలు పెట్టుకుని, గౌను తిరగేసి, అంచును చాలాసేపు చూసింది. తర్వాత భారతి రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

"బంగారు చేతులు తల్లీ నీవి!"

ఇవి నా చేతులు కావు మేడమ్ అని చెప్పడానికి ఒక్క ఊపిరి చాలు. ఆ ఊపిరి భారతి లోపలికి పీల్చుకుంది. బయటికి వదల్లేదు.

ఒక అబద్ధం చాలదు కదా, దానికి తోడు కావాలి. "నా పేరు చెప్పినావా అక్కా?" అని అఫ్సానా ఆశగా అడిగినప్పుడు, "ఆయమ్మ శానా ఆచారం మనిషి. ఎడమచేతి కుట్టని తెలిస్తే ముట్టను గూడా ముట్టదు. నీ పేరెత్తితే పనే పోతాది" అనేసింది. కొలతలు తీసి కుట్టినట్టు సరిపోయింది ఆ అబద్ధం. అఫ్సానా ఎడమచేతిని కొంగు కిందికి తీసుకుంది. "సరేలే అక్కా. బొమ్మలకన్నా కుట్టనీ" అంది.

ఈరోజు కూడా ఆమెను తీసుకుపోవాలని భారతికి లేదు. కానీ అఫ్సానా బతిమాలింది. "ఒక్కసారి అక్కా. నా గౌన్లు తొడుక్కున్న బొమ్మల్ని సూసి వస్తా. నోరు మెదపను. సంచులు మోసే మనిషని చెప్పు." ఆ మాటను కాదనడానికి ఎంత గుండె కావాలో అంత గుండె భారతికి లేదు.

ఇద్దరూ ముద్దనూరులో కలిశారు. కట్టు చూడగానే అఫ్సానా మొహం మాడిపోయింది.

"యా అల్లా! ఏందక్కా ఇది?"

"నూనె పడింది."

"ఇట్లాంటి చేత్తో యాడికి బయల్దేరినావు? మేడమ్‌కు నేను చెప్పుకుందునే!"

పులివెందుల దాకా అఫ్సానా ఆమెను కిటికీ పక్కన కూర్చోబెట్టి, సంచి తన ఒళ్లో పెట్టుకుని, నీళ్ల సీసా మూత తీసి తనే తాపించింది. బస్సు కుదిపినప్పుడల్లా కట్టు కింద తన అరచెయ్యి ఆనించింది. కాలని ఆ చెయ్యి అప్పుడు మండటం మొదలుపెట్టింది.

అనసూయ ఇంటి ముందుగదిలో బీరువాల తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. బెంగళూరు నుంచి వచ్చిన వాళ్లలో అపర్ణ అనే ఆమె ఫోను స్టాండుకు బిగించి, దాని ముందు ఒక కుర్చీ వేసి సిద్ధంగా ఉంది. అఫ్సానా గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఆమె చూపు ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకు పోతోంది. పెదవులు కదులుతున్నాయి. ఏ గౌను ఏ చీరతో కుట్టిందో గుర్తు చేసుకుంటున్నట్టుంది.

అనసూయ ఎదురొచ్చి, కట్టు చూసి, గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో, ఏ చెయ్యి? కుడిదా?"

"అవును మేడమ్. నూనె పడింది. అందుకే ఈ పొద్దు కుట్టలేను. ఊరికే సూపిచ్చిపోదామని..."

"అమ్మయ్య! బతికించినావు. ఎడమచెయ్యి కాలిందేమోనని ప్రాణం పోయింది." అనసూయ వచ్చిన వాళ్ల వైపు తిరిగింది. "చెప్పినా కదా, మా భారతిది ఎడమచేతి వాటం. ఇదిగో, ఈ అంచు తిప్పి చూడండి. అందరి కుట్టూ ఒకవైపుకు వాలితే ఈమెది అవతలివైపుకు వాలుతుంది. మొదటి గౌను చూసిన రోజే కనిపెట్టినా. చూడటానికి ఎంత ముద్దుగా ఉందో! ఇట్లాంటి కుట్టు నా బొమ్మలకు తప్ప యాడా లేదు."

భారతి తప్పు చేతికి కట్టు కట్టుకుంది.

పక్కన అఫ్సానా ఊపిరి ఆగిన చప్పుడు వినిపించింది. అవును, ఆగిన చప్పుడే. ఎడమచేతి కుట్టని తెలిస్తే ముట్టదని భారతి ఎవరి గురించి చెప్పిందో, ఆ మనిషే ఆ కుట్టు కోసం ప్రాణం పెడుతోంది. అఫ్సానా మెల్లగా తల తిప్పి తన వైపు చూస్తోందని భారతికి తెలుసు. భారతి అటు తిరగలేదు.

అప్పటికైనా నోరు తెరవొచ్చు. గదిలో అయిదారుగురు ఉన్నారు, ఫోను వెలుగుతోంది, అనసూయ కళ్లలో అంత గర్వం ఉంది. భారతి పోయి కుర్చీలో కూర్చుంది. అంచు మిగిల్చిన తెల్ల గౌను ఒళ్లో పెట్టుకుని సూదిని ఎడమచేత్తో పట్టుకుంది.

పుట్టి బుద్ధెరిగాక ఎడమచేత్తో ఆమె చెంబు తప్ప ఏదీ పట్టుకోలేదు. సూది గుడ్డలోకి దిగలేదు. రెండోసారి దిగి అడ్డంగా పోయింది. మూడోసారి కట్టు లోంచి బయటికున్న బొటనవేలిలో సర్రున దిగింది. తెల్లటి అంచు మీద మిరపగింజంత ఎర్రటి చుక్క.

"ఇట్లియ్యక్కా, గౌను పాడైపోతాది!" అఫ్సానా రెండంగల్లో వచ్చింది. "నీళ్లు తగిలిస్తే నిలిచిపోతాది. తెల్ల దారం నోట్లో పెట్టుకోని తడుపు. నీ రక్తానికి నీ ఉమ్మే మందు. ఊ, తొందరగా!"

దర్జీ పనిలో అందరికీ తెలిసిన చిట్కాయే. కానీ దేవుడి పటాలున్న గదిలో, నలుగురి మధ్య, దారం నమిలి ఉమ్మిన ఎంగిలితో ఆ గౌనును అద్దుతుంటే భారతి తల ఇంక కిందికి వంగడానికి చోటు లేకపోయింది. అనసూయ పాదాలు ఒక అడుగు వెనక్కి జరగడం మాత్రం కనపడింది.

మరక పోయింది. అఫ్సానా గౌను తీసుకుంది, అడగలేదు. నేల మీద కూర్చుని, వంకరపోయిన కుట్లు విప్పేసి, ఎడమచేత్తో మొదలుపెట్టింది. సూది గుడ్డలోకి పోతున్నట్టే కనపడలేదు. దారం మాత్రం తరిగిపోతోంది.

"ఈమెది కూడా ఎడమచేతి వాటమేనా?" అంది అపర్ణ చివరికి.

"కూడా కాదు," అంది అనసూయ.

అప్పుడు చెప్పింది భారతి. అన్నీ ఈ అమ్మాయే కుట్టిందని, తనకు చేతకాదని, చెయ్యి కూడా కాలలేదని. చెబుతూ కట్టు విప్పేసింది. దొరికాక చెప్పే నిజం దొంగకు కూడా పనికిరాదు.

అనసూయ తిట్టలేదు. తిడితే బాగుండేది. పసుపు పులుముకున్న ఆ చక్కటి చేతిని ఒకసారి చూసి, మొహం తిప్పుకుని, అఫ్సానా పక్కన నేల మీద చతికిలబడింది. "నీ పేరేంది తల్లీ?" అంది.

"అఫ్సానా, మేడమ్."

అపర్ణ ఫోను స్టాండు కిందికి దించి సరిచేస్తూ, భారతితో ఎంతో మర్యాదగా అంది: "మీరు కొంచెం పక్కకు జరుగుతారా? నీడ పడుతోంది."

భారతి జరిగింది. గుమ్మం దాకా జరిగింది.

తిరుగు బస్సులో ఇద్దరి మధ్య సంచి ఉంది. ముద్దనూరులో దిగాక అఫ్సానా జమ్మలమడుగు బస్సు ఆగే వైపు నడిచింది. భారతి వెనకే పోయింది.

"అఫ్సానా, నన్ను చెప్పు తీసుకోని కొట్టు. ఇట్ల మాట్లాడకుండా పోవద్దు."

"పేరుదేముందిలే అక్కా," అంది అఫ్సానా, రోడ్డు వైపే చూస్తూ. "పేరు నువ్వు పెట్టుకుంటివి, పని నాకిస్తివి. అంగట్లో నిన్ను ఆ పెండ్లికూతురి అమ్మ అన్న మాటలు నేను ఇన్యా. నీ భయం నాకు తెల్సు. దానికి నేనేం అనను."

"మరి?"

"నా కూతురు సాజియాది గూడా ఎడమచెయ్యే."

భారతికి వెంటనే అర్థం కాలేదు.

"అంత సదువుకున్న టీచరమ్మే ముట్టదంటే, ఇంగ లోకమేం ముడతాది అనుకున్యా. నా గతి దానికి పట్టకూడదని, పలక మీద ఎడమచేత్తో రాస్తే గరిటె తీస్తాండా. అన్నానికి ఎడమచెయ్యి చాపితే వాత తేలేట్టు కొడతాండా. మొన్న నిద్రలో గూడా ఆ చెయ్యి ఈపు కిందికి దాపెట్టుకోని పండుకోనుంది." అఫ్సానా అప్పుడు భారతి వైపు తిరిగింది. "నువ్వు చెప్పిన మాటకక్కా. ఈ పొద్దు పోయి దానికి నేనేం చెప్పాల?"

బస్సు వచ్చి ఆగింది. అఫ్సానా కళ్లు తుడుచుకుని ఎక్కింది. వెనక్కి చూడలేదు.

ప్రొద్దుటూరు పోయే బస్సు అవతలి వైపు నిలబడే ఉంది. అందులో కూర్చుంటే పొద్దు గుంకకముందే ఇంట్లో ఉండొచ్చు. తలుపేసుకుని ఏడవొచ్చు. భారతి ఒక్క నిమిషం దాని వైపే చూసింది. తర్వాత కదలబోతున్న జమ్మలమడుగు బస్సు కడ్డీ పట్టుకుని ఎక్కేసింది.

"యాడికమ్మా? ఆధార్ తియ్యి," అన్నాడు కండక్టరు.

"జమ్మలమడుగు. ఒక పసిబిడ్డతో మాట్లాడాల," అంది భారతి, అతను అడగని సంగతి కూడా కలిపి.

కండక్టరు విచిత్రంగా చూసి ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్టు చింపి ఇచ్చాడు. "సీట్లున్నాయి కదమ్మా, కూర్చో."

అఫ్సానా పక్కన కూడా సీటు ఖాళీగానే ఉంది. ఆమె జరగలేదు, రమ్మనలేదు, కిటికీలోంచి చూపు తిప్పలేదు. ఆ బిడ్డ ముందు కూర్చుని ఏ మాటతో మొదలుపెట్టాలో వెతుక్కుంటూ, భారతి జమ్మలమడుగు దాకా నిలబడే ప్రయాణం చేసింది.