గున్నయ్య తిప్పిన యాంటెన్నా

"ఏటమ్మీ, పెద్ద సదువని కోరాపుట్ పంపిస్తే, టీవీ సూసి మార్కులు తెచ్చుకుంతావా? నాను సూసిన లెక్కకి నాకీపాటికి డాక్టరనే బోర్డు కట్టీవలె."

గున్నయ్య మాటకు శాంతిప్రియ నవ్వలేదు. అతని అన్న మనవరాలు ఆ పిల్ల. ఇలాంటి మాటలు పుట్టినప్పటినుంచీ వింటోంది.

"నువ్వు సూసిందేటి చిన్నతాతా? టీవీ నడుస్తున్నంతసేపూ మేడ మీదే ఉండీవోడివంట. మామ్మ సెప్పింది."

ఆ మామ్మ, గున్నయ్య వదిన కృష్ణవేణమ్మ, పక్కనే చింతపండులో గింజలు తీస్తోంది.

గుణుపూర్ బజారులో వాళ్లది చింతపండు, వెల్లుల్లి హోల్‌సేల్ కొట్టు. అందులో గున్నయ్య అంటే పెళ్లి లేనివాడు, పనికన్నా పరాచికం ఎక్కువున్నవాడు. బస్తాలు మోసేవాళ్ల చెప్పులు జతలు మార్చేస్తాడు. పద్మపూర్ నుంచి వచ్చిన బేరగాణ్ణి, నీ పెళ్లాం బస్టాండులో దిగిందని పరుగెత్తిస్తాడు. అరవై నాలుగేళ్లొచ్చినా మానలేదు.

రెండు నెలల కిందట ఆ ఆటలు మానేశాడు, నోటి మాటలే మిగిలాయి.

పక్కింటి త్రినాథరావు పోయి రెండు నెలలు. బట్టల కొట్టు త్రినాథరావు. ఆయనా పెళ్లి చేసుకోలేదు. పన్నెండో రోజు భోజనాల్లో గున్నయ్య ఊరివాళ్ల బంతిలో కూర్చున్నాడు. పప్పు బాగుందని పక్కవాడితో అన్నాడు, చెయ్యి కడుక్కుని వచ్చేశాడు. అన్న పోతే అన్న పోయాడని ఏడవచ్చు. పెళ్లాం పోతే ఊరే వచ్చి ఏడుస్తుంది. తనకు పోయినవాణ్ణి ఏమని చెప్పుకోవాలో, ఎవరితో చెప్పుకోవాలో గున్నయ్యకు తెలియలేదు. చెప్పకపోతే పక్కింటాయన పోయాడన్నంతే అయిపోతుంది. అదే నమిలి మింగలేకుండా ఉన్నాడు.

శాంతిప్రియ ఫోనులో పాత హిందీ కామెడీ సీరియల్ పెట్టింది. పాత సీరియళ్లలో సంసారాలను ఎలా చూపించారో రాసుకు రమ్మన్నారట కాలేజీలో. బొమ్మలో మొగుడికో మంచం, పెళ్లానికో మంచం, మధ్యన బల్ల మీద దీపం. ముగ్గురు పిల్లలు.

"ఈ ముగ్గురూ పోస్టులో వచ్చేరేటమ్మీ?"

ఈసారి పిల్ల నవ్వింది. అంతలో బొమ్మలోకి, పై వాటాలో అద్దెకుండే ఇద్దరు మగవాళ్లు వచ్చారు. ఒకడు రెండోవాడి చొక్కా గుండీ పెట్టాడు. వెంటనే సీరియల్‌లోంచి ఎవరెవరో పగలబడి నవ్వారు.

"సూడు తాతా, ఈలిద్దరూ కనిపిస్తే సాలు, నవ్వే. ఆల్ల గురించి ఒక్క మాటా సెప్పరు. మీ రోజుల్లో ఇలాటోళ్లు లేరా?"

ఆ నవ్వు గున్నయ్యకు తెలుసు. వెంటిలేటర్లోంచి మేడ మీదికి వినిపించేది. రెండిళ్ల మేడల మధ్య మోకాలెత్తు గోడ. "మనల్నే కాబోలు" అనేవాడు త్రినాథరావు, గోడ మీద కూర్చుని బీడీ ముట్టించుకుంటూ.

"నాకేటి తెలుస్తాదమ్మీ," అన్నాడు. "నా పని యాంటెన్నా. మొగుడూ పెళ్లాం దగ్గరికి జరిగితే మీ తాత కింద దగ్గీవోడు. నాను గిర్రున తిప్పీసీవోణ్ణి. బొమ్మంతా సీమల పుట్టయిపోయీది. కుర్రమూక ఏడిసీవోరు. సీనయిపోయేక మళ్లీ తిప్పీవోణ్ణి. ఆరేళ్లపాటు ఈ ఇంటి మర్యాద నా సేతిలో ఉండీదనుకో."

కృష్ణవేణమ్మ గింజలు తీయడం ఆపింది.

"మొదటి ఏడాదే," అంది.

"ఏటి వదినా?"

"నీ సేతిలో ఉన్నది మొదటి ఏడాదే. తరవాత ఊళ్లోనే టీవీ టవరెట్టేరు. మీ అన్నయ్య జానెడు తీగ టీవీ ఎనకాల గుచ్చితే బొమ్మ అద్దంలాగ నిలిసింది. మేడ మీది యాంటెన్నా తీగ పీకీసి కిటికీ అవతల వదిలేసేడు."



"మరి అన్నయ్య దగ్గీవోడు కదా. బొమ్మ పోయింది, తిప్పు తిప్పు అని అరిసీవోడు."

"అరిసీవోడు. నువ్వు తిప్పీవోడివి. మేం సూసీవోళ్లం."

"ఆ సీన్లు కూడానా?"

"అన్నీను."

శాంతిప్రియ పకపకా నవ్వింది. పెద్దవాళ్లిద్దరి మొహాలూ చూసి ఆపేసింది.

"వానలో తిప్పేను వదినా," అన్నాడు గున్నయ్య. "మంచులో తిప్పేను. ఎందుకు సెప్పలేదు?"

"తీగ పీకిన సాయంత్రం నువ్వు పద్మపూర్ సంత నించి రాగానే సెప్పేద్దామనే అనుకున్నాం. ఈలోగా జాకెట్టు గుడ్డ ఇచ్చీడానికని త్రినాదరావు వచ్చేడు. ఏలాడుతున్న తీగ ఆయన మేడ మీంచి కనిపించిందంట."

ఆ పేరు ఆ ఇంట్లో ఎవరైనా అనడం రెండు నెలల్లో అదే మొదలు. గున్నయ్య రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"ఆయనకి తెలుసా?"

"తెలీకపోడమేటి? కిటికీ సువ్వకి ఆ తీగ మళ్లీ బిగించి కట్టినోడు ఆయనే. నువ్వు తిప్పుతుంటే ఎడమకి, కాదు, ఇంకాస్త కుడికి, అని ఐదేళ్లు సెప్పినోడూ ఆయనే." ఆమె చింతపండు పళ్లెం పక్కకు పెట్టింది. "రండయ్యా, ఇద్దరూ వచ్చి కింద మా దగ్గర కూకోండి అన్నాను ఆవేళే. వద్దమ్మా అన్నాడు. గున్నడికి సెప్పకమ్మా, తెలిస్తే మేడ మీదికి రావడం మానీసి కిందే కూకుంతాడు అన్నాడు."