బాతులు ఎరిగిన నడక

రగ్నా అమ్మమ్మ కాలంలో నార్వే తీరాన వాళ్ల దీవిలో, ఏటా వసంతంలో గుడ్లు పెట్టడానికి వచ్చే ఈడర్ అనే సముద్రపు బాతులు ఎన్నుండేవంటే, వాటిని తప్పించుకుంటూ నడవాల్సి వచ్చేది. అమ్మ నాటికి సగమయ్యాయి. ముంగిసల్లాంటి అడవి మింకులు తినేశాయని కొందరు, సముద్రంలో తిండి తగ్గిందని కొందరు. బాతులను అడిగినవాళ్లెవరూ లేరు. ఈ వసంతంలో వచ్చినవి మూడంటే మూడు. రాళ్లతో, పాత చెక్కలతో రగ్నా వాటికోసం కట్టిన బుల్లి ఇళ్లలో తక్కినవన్నీ ఖాళీ.

అవి గుడ్లు పెట్టిన మర్నాడే రగ్నా తడిరాతి మీద జారి కాలి ఎముక చిట్లగొట్టుకుంది.

మింకులను, కాకులను తోలే మనిషి లేకపోతే గుడ్లు దక్కవు. పోనీ ఎవరినైనా పంపుదామంటే పొదిగే బాతుకు కొత్త మనిషి పడదు, కొత్త బట్ట అసలే పడదు. గట్టిగా బెదిరిందంటే గుడ్లు వదిలేసి పోతుంది, మళ్లీ ఆ ఒడ్డుకు రాదు. అందుకే బాతులు పొదిగినన్నాళ్లూ అక్కడి ఆడవాళ్లు ఒకే పావడాతో తిరుగుతారు. ఇక చేసేదేముంది? రగ్నా మొగుడు, బారెడు గడ్డమున్న తోర్లీఫ్, పెళ్లాం పావడా కట్టి, తలగుడ్డ చుట్టుకుని బయల్దేరాడు.

రగ్నా కిటికీలోంచి అంతా చూసి, అతను ఇంట్లోకి రాగానే అందుకునేది.

"ఏమయ్యా, ఆ నడకేంటి? నేనట్టాగా నడిచేది?"

"నీ నడక చూసే తీరిక నాకెప్పుడిచ్చావే? పొద్దస్తమానం పనికి తరుముతావాయె!"

"ఆ గడ్డం గుడ్డలోకి దోపుకో. నా పరువు పోతోంది."

"మూడు బాతులకే పావడా కట్టించావు. ముప్పై వచ్చుంటే చెవులకు కమ్మలు కూడా పెట్టించేదానివి."

"రానీ, తప్పకుండా పెట్టిస్తా."

పడవల్లో పోయేవాళ్లు నవ్వినా అతను పట్టించుకోలేదు. రానురాను బాతులతో గొణుగుతూ తిరగడం మొదలుపెట్టాడు. రగ్నాకు కాస్త కుళ్లు కూడా పుట్టింది.

గుడ్లు పగిలి పిల్లలు రాకముందే డాక్టరు కట్టు విప్పాడు. రగ్నా సంబరంగా తన పావడా తానే కట్టుకుని, కుంటుకుంటూ దగ్గర్లోని గూటికి వెళ్లింది. పావడా అదే, నడకే వేరు. బాతు తల ఎత్తింది. ఇంకో అడుగుకు సగం లేచింది. గుడ్లు కనిపించాయి. రగ్నా ఊపిరి బిగబట్టి వెనక్కి, వెనక్కి నడిచింది. బాతు మెల్లగా సర్దుకుని కూర్చుంది.

ఇంట్లోకి వచ్చి పావడా విప్పి మొగుడి చేతిలో పెట్టింది. నవ్వబోయింది కానీ ఏడుపొచ్చింది.

"నన్ను చూసి బెదిరిందయ్యా. నేను కట్టిన ఇంట్లో కూర్చుని నన్ను చూసే బెదిరింది."

తోర్లీఫ్ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి పక్కనే నిలబడ్డాడు.

"నిలబడ్డావేం, కట్టుకో," అంది కళ్లు తుడుచుకుంటూ. "నన్ను మర్చిపోతే పోయింది. ఈ చోటు మర్చిపోకపోతే అదే చాలు."