తాళానికి ఒప్పుకోని కాగితాలు

పట్టుగూళ్లు ఉడికే వాసన.

ఒకసారి ఒంటికి పట్టిందంటే పోదు. సబ్బుకు పోదు. ఏళ్లకూ పోదు.

రూతమ్మ హిందూపురంలో గూళ్ల నుంచి పట్టుదారం తీసే రీలింగ్ పని వదిలి, పెనుకొండకు వచ్చి, ఎన్ని వానలు కురిశాయో, ఎన్ని కురవకుండా పోయాయో. అయినా మంచం కింది రేకుపెట్టె మూత తీస్తే చాలు... అదే వాసన. పచ్చి వాసన. పురుగు వాసన. సలసల మరిగే నీళ్ల వాసన.

పెట్టె నిండా కాగితాలు.

సమ్మె నాటి కరపత్రాలు. లేబర్ ఆఫీసుకు పెట్టుకున్న అర్జీల కార్బన్ కాపీలు. షెడ్డు ముందు వరుసగా నిలబడిన ఆడవాళ్ల ఫోటో — అందులో ఒక్కరూ నవ్వడం లేదు.

రాసినవన్నీ రూతమ్మ చేతిరాతే. ఆ షెడ్డులో పదో తరగతి దాకా చదివింది ఆమె ఒక్కతే. అందరూ చెప్పేవాళ్లు. ఆమె రాసేది. మధ్యాహ్నం సంగటి తిన్న చెయ్యి కడుక్కొని, గోనెసంచుల చాటున కూర్చొని రాసేది.

యజమాని చదివేవాడు కాదు. అయినా రాసేది.

ఈ వేసవిలో యూనివర్సిటీ నుంచి విశాలాక్షి వచ్చింది. పాత కాగితాలు భద్రపరిచే విభాగం ఆమె చేతి కింద ఉంది. కొండ మీది నుంచి వేడిగాలి దిగుతోంది. వాకిట్లో దుమ్ము లేస్తోంది. విశాలాక్షి మాత్రం చెమట తుడుచుకోవడం కూడా మరచిపోయి, ఒక్కొక్క కాగితాన్నీ పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తి చూసింది.

ఇవి ఇక్కడ ఉండకూడదమ్మా అంది. చెదలు పడతాయి. మా దగ్గర ఉంటే మీ తర్వాత కూడా ఉంటాయి. మీ పేరు మీదే ఉంటాయి.

మీ తర్వాత కూడా.

ఆ మాట రూతమ్మకు నచ్చింది. కాగితాలు ఉండబోయే చోటు చూడాలనుకుంది. బస్సెక్కి వెళ్లింది.

చల్లని గది. ఇనుప అరలు. అరల నిండా అట్టపెట్టెలు. బయటి హాల్లో జిల్లా పట్టు వ్యాపారం గురించి ప్రదర్శన పెట్టారు. అద్దాల కింద పాత రసీదులు, పాత ఫోటోలు. తమ హిందూపురం రీలింగ్ షెడ్డు యజమాని కాగితాలూ ఉన్నాయి. ఆయన పోయాక కొడుకు శేషగిరి అన్నీ తెచ్చి ఇచ్చాడట.

వాటి మధ్య ఒక టైపు కాగితం.

*ఒక కూలీ మనిషి అజాగ్రత్త వల్ల ఆవిరి పైపు పగిలి ప్రాణనష్టం జరిగినది.*

రూతమ్మ చదివింది. మళ్లీ చదివింది.

ఒక కూలీ మనిషి.

ఆ మనిషికి పేరుంది. రాణి. ముదిగుబ్బ పిల్ల. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టి, నీళ్లంటే కరువు తప్ప మరొకటి తెలియక, మరిగే నీళ్ల ముందు కూర్చున్న పిల్ల. ఆ పైపు కారుతోందని షెడ్డంతా ముందే మొత్తుకుంది. రాసి ఇచ్చింది. ఒకసారి కాదు.

నా కాగితాలు దీని పక్కన పెట్టండి అని రూతమ్మ విశాలాక్షికి చెప్పింది. ఇదే అద్దం కింద. ఇదే వరుసలో.

విశాలాక్షి తమ విభాగపు కమిటీని అడగాలంది.

కమిటీ జవాబు ఇంటికి వచ్చింది. కాగితాలన్నీ తీసుకుంటారు. కానీ ప్రమాదానికి సంబంధించినవి ముప్పై ఏళ్లు తాళం వేసి ఉంచుతారు. బతికున్నవాళ్లు నొచ్చుకోకూడదు కదా. ఒప్పుకొని సంతకం పెట్టాలి.

ముప్పై ఏళ్లు.

అప్పటికి రూతమ్మ చర్చి వెనక మట్టిలో ఉంటుంది. అడిగేవాళ్లూ ఉండరు... జవాబు చెప్పాల్సినవాళ్లూ ఉండరు. అప్పుడు ఎవరో పెట్టె తెరుస్తారు. అయ్యో పాపం అంటారు. మూస్తారు.

రూతమ్మ సంతకం పెట్టలేదు.

అప్పుడు శేషగిరి వచ్చాడు. కారు సందు మొదట్లో ఆపి, నడిచి వచ్చాడు. చెడ్డవాడు కాదు. ప్రమాదం జరిగిన నాటికి బడికి పోయే పిల్లవాడు. గుమ్మం బయటే చెప్పులు విడిచి, ఇచ్చిన మజ్జిగ తాగి, తల వంచుకొని మాట్లాడాడు. తాళం వెయ్యమని కమిటీని అడిగింది తనేనని దాచకుండా చెప్పాడు.

"మా నాయన పొయినాడు రూతమ్మక్కా. మా పాప నిఖిత ఆ యూనివర్సిటీలోనే చదువుతాండాది. తాత పేరు అట్ల చూస్తే ఆ బిడ్డకు ఎట్లుంటాది?"

రూతమ్మ ఖాళీ గ్లాసు అందుకుంది. కోపం రాలేదు. కోపం కంటే గట్టిది వచ్చింది.

"రాణికి చూసుకునేదానికి మనవరాలు లేదప్పా," అంది. "మీ నాయన రాసింది అద్దంలో ఉండాది. మేము రాసింది చీకట్లో ఉండాల్నా? ఉంటే రెండూ ఉండాల. లేదంటే అదీ తీసుకొనిపో."

శేషగిరి లేచాడు. దండం పెట్టి వెళ్లిపోయాడు.

గాలి. కొండ మీది గాలి. రాత్రనక పగలనక వీచే గాలి.

ఆ కాగితాల్లో పేరున్నవాళ్లలో బతికున్నది తను కాక ఇంకొక్కరే. ధర్మవరంలో చౌడమ్మ. ఆమెను అడగకుండా ఏమీ చేయకూడదనుకుంది రూతమ్మ. మర్నాడే వెళ్లింది.

సందు సందుకూ మగ్గాల చప్పుడు. చౌడమ్మ ఇంట్లో కొడుకు మురళి మగ్గం మీద ఉన్నాడు. అతను నేసేది శేషగిరి కొట్టుకే. పట్టు అక్కడి నుంచే రావాలి. చీర అక్కడికే పోవాలి. ఆ సంగతి తెలిసే, కాగితాలు అందరి ముందూ పెట్టాలనుకుంటున్నానని రూతమ్మ నిదానంగా చెప్పింది. నీ పేరు కొట్టెయ్యమంటే కొట్టేస్తాను, నిన్ను తప్పు పట్టను అంది.

మగ్గం ఆగింది.

చౌడమ్మ తన చేతులు చూసుకుంది. ముంజేతుల దాకా ముడతలుపడి, తెల్లబారి, గోళ్లు సరిగా మొలవని చేతులు. ఆ రోజు ఆవిరిలోకి చేతులు చాచింది ఆమే. రాణిని బయటికి లాగింది ఆమే.

"కొట్టెయ్యొద్దక్కా," అంది. "నేను లాగినాను ఆ పిల్లను. అజాగ్రత్త అంటే నా చేతులు ఒప్పుకోవు."

మురళి వైపు ఇద్దరూ చూశారు. అతను వంగి, తెగిన పోగు ముడివేశాడు. మగ్గం మళ్లీ మొదలైంది — ముందుకంటే గట్టిగా.

వారం తిరగకుండా ఇద్దరూ రేకుపెట్టెతో యూనివర్సిటీలో దిగారు. చౌడమ్మ ఒక పక్క పట్టుకుంది. రూతమ్మ ఇంకో పక్క.

సంతకం లేకుండా కాగితాలు తీసుకోలేనని విశాలాక్షి చెప్పింది. ఒప్పంద పత్రం ముందుకు చాచింది.

తీసుకోవద్దులే అంది రూతమ్మ. మేము చదువుకోవడానికి వచ్చాం.

చదువుకునే గది. పొడవాటి బల్లలు. గోడ మీద *నిశ్శబ్దం పాటించండి* అన్న బోర్డు. పిల్లలు తలలెత్తి చూశారు. ఇద్దరు ముసలివాళ్లు పెట్టె దించి, కుర్చీలు లాక్కొని, పక్కపక్కన కూర్చున్నారు.

చౌడమ్మకు చదువు రాదు.

అందుకని రూతమ్మ పైకే చదివింది.

*అయ్యా. షెడ్డులో ఆవిరి పైపు కారుతున్నది. బాగు చేయించమని నోటితో చెప్పాము. రాసి ఇచ్చాము. మళ్లీ రాస్తున్నాము. మా ప్రాణాలకు ఏమైనా అయితే తమరిదే బాధ్యత.*

తేదీ చదివింది. ప్రమాదానికి నెల ముందటి తేదీ.

కాపలా మనిషి వచ్చి, మెల్లగా చదవమన్నాడు. మెల్లగా చదివితే ఈమెకు వినపడదప్పా అని, ఆపిన చోటు నుంచే ఎత్తుకుంది.

కింద వేలిముద్రలు. ఒక్కొక్కటిగా పేర్లు పిలిచింది. చౌడమ్మ. ఉన్నానంది చౌడమ్మ.

వేలిముద్రలన్నిటి కింద, రూతమ్మది కాక, ఒకే ఒక్క సంతకం. వంకర సంతకం. మధ్యాహ్నాలు రూతమ్మ దగ్గర అక్షరాలు దిద్దుకొని, నేను వేలు ముంచనక్కా, పేరే రాస్తానని పట్టుబట్టి రాసిన పిల్ల. ణ సరిగా రాక, కొట్టేసి, పక్కనే మళ్లీ రాసింది.

"రాణి," అని చదివింది రూతమ్మ.

ఎవరూ ఉన్నానని అనలేదు.

ఒక అమ్మాయి పుస్తకం మూసి దగ్గరికొచ్చి నిలబడింది. ఇంకొకడు కుర్చీ లాక్కున్నాడు. విశాలాక్షి గుమ్మంలో ఉంది. చేతిలో ఒప్పంద పత్రం, పెన్ను. జేబులో ఫోను మోగుతోంది. మోగి మోగి ఆగింది... మళ్లీ మోగింది. ఆమె తియ్యలేదు. కాపలా మనిషి ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె ఏ సైగా చేయలేదు.

"మళ్లా చదువక్కా," అంది చౌడమ్మ. "ఆ చివర కూర్చున్నోళ్లకు వినపళ్లేదు."

రూతమ్మ లేచి నిలబడింది. కాగితం ఎత్తి పట్టుకుంది. తెరిచిన తలుపు వైపు తిరిగి, బయటి హాలు దాకా, అద్దాల దాకా వినపడేటట్టు —

*అయ్యా...*